ముందు షాఫ్టు

శ్యామల బండి కింద దూరింది.

ఖమ్మంలో పాత బండ్లు అమ్మే ఆ జాగాలో అప్పటికి పదిమంది దాకా మగవాళ్ళున్నారు. టైర్లు తన్ని చూసేవాళ్ళు, బానెట్ ఎత్తి ఇంజనుకు చెవి ఒగ్గేవాళ్ళు, ఊరికే చాయ్ తాగిపోదామని వచ్చినవాళ్ళు. ఇరవై మూడేళ్ళ మనిషి కొంగు నడుముకు దోపుకుని, నూనె మరకల నేల మీద వెల్లకిలా పడుకుని, మడమలతో తన్నుకుంటూ ఇంజను కిందికి జరిగిపోవడం వాళ్ళు ఎన్నడూ చూసి ఉండరు. చాయ్ గ్లాసులు నోటి దాకా వెళ్ళి ఆగిపోయాయి.

"ఏం పడ్డదమ్మా?" అన్నాడు అమ్మేవాడు వంగి.

"ఏం పడలే. ఉన్నదో లేదో చూస్తున్న."

"ఏముండాలె?"

"ముందు షాఫ్టు."

అమ్మేవాడి మొహంలో నవ్వు కొంచెం తగ్గింది. శ్యామల భర్త గోపాలు, ఆమె తనతో రానట్టు, రోడ్డు మీద పోయే ఆటోల వైపు తిరిగి నిలబడ్డాడు. గోపాలు అన్న పోతయ్య మాత్రం ఆ తెల్ల పికప్ డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు. అతనికి బండి నచ్చేసింది. సీట్లకు ఎర్ర రెగ్జిన్, అద్దానికి వేలాడే ముత్యాల కుచ్చు, పాటలు పెట్టుకునే డబ్బా. గీత పడని తెల్ల రంగు.

"లోపల లివర్ ఉన్నది గద. ఫోర్ వీల్ బండే అమ్మా, నేను అబద్ధమెందుకు చెప్త" అన్నాడు అమ్మేవాడు.

"లివర్ ఉన్నది. లివర్ కింద ఏం లేదు" అంటూ శ్యామల బయటికి వచ్చింది. వీపంతా మట్టి, జడ చివర గ్రీజు. "గేరు డబ్బా కాడికెల్లి ముందు చక్రాల దాక ఒక ఇనుప రాడ్డు పోవాలె. దాన్ని ఇప్పిన్రు. బొక్కల గుడ్డపేలికలు కుక్కిన్రు. బావా, దిగి చూడు."

పోతయ్య దిగలేదు. "అందరు ఇప్పుతరు తియ్. అది ఊకె తిరుగుతది, డీజిల్ తాగుతది. అది లేకుంటెనే బండి తేలిగ్గ పోతది."

"పోతది. యాడి దాక పోతది? వాగు దాక పోతది."

పోతయ్య పాటల డబ్బా మీట నొక్కి చూశాడు.

వాళ్ళ ఊరు ఇప్పలగూడెం. ఏన్కూరు దాటాక అడవిలోకి తిరిగే మట్టిదారిలో ఆఖరి ఊరు. ఊరికీ లోకానికీ మధ్య ఒక వాగు. ఎండాకాలం దాంట్లో మేకలు పడుకుంటాయి. వానలు మొదలైతే దానికి రోజుకొక లోతు. శ్యామల చదువు ఆ వాగు దగ్గరే ఆగింది. ఎనిమిదో తరగతిలో వానలకు రెండు నెలలు బడి తప్పింది, ఆ తర్వాత మేనత్త కొడుకు గోపాలుతో పెళ్ళి మాట వచ్చింది, ఇక పుస్తకాల సంగతి ఎవరూ ఎత్తలేదు. అందుకని ఆమె ఏడ్చింది లేదు.

పోయిన ఏడు వానల్లో మాత్రం ఏడ్చింది. కూతురు సమ్మక్కకు అప్పుడు మూడేళ్ళు. ఇంట్లో సమ్మి అంటారు. జలుబు చేసిందంటే చాలు, పిల్ల ఊపిరాడక పక్కలెగరేస్తుంది. ఆ రోజు పెదవులు నీలంగా తిరిగాయి. గోపాలు పరుగున వెళ్ళి ఒక జీపు కిరాయికి మాట్లాడుకొచ్చాడు. ఫోర్ వీల్ జీపు, ఏ వాగైనా దూకుతుంది అని చెప్పి డ్రైవరు మామూలు కంటే రెట్టింపు అడిగాడు. వాగు నడుమకు వచ్చాక వెనక చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. డ్రైవరు ముందు చక్రాలను కూడా తిప్పే చిన్న లివరు లాగాడు. మళ్ళీ లాగాడు. జీపు కదలలేదు. తలుపు సందుల్లోంచి నీళ్ళు వచ్చి సీటు తడుస్తోంది.

"ఏమైందన్నా" అని శ్యామల అరిస్తే అతను నెత్తి గోక్కున్నాడు. "షాఫ్టు ఇంట్ల ఉన్నది చెల్లె. డీజిల్ మిగులుతదని ఎండల్ల ఇప్పి మంచం కింద పెట్టిన. ఎక్కిచ్చుడు యాది మర్చిన."

శ్యామల పిల్లను నెత్తి మీద పెట్టుకుని రొమ్ముల లోతు నీళ్ళలో నడిచింది. అవతలి గట్టు నుంచి నులక మంచం మీద పిల్లను తారురోడ్డు దాకా మోశారు. పిల్ల బతికింది. దవాఖానాలో డాక్టరమ్మ "ఇంకొక గంట ఆలస్యమైతే" అని మాట మధ్యలో ఆపేసింది. ఆ మిగతా మాటను శ్యామల ఏడాదిగా తన లోపల తానే పూర్తి చేస్తోంది.

అందుకే ఈసారి మిర్చికి ధర పలికి, అన్నదమ్ములూ తల్లీ కలిసి మూడు వాటాలుగా బండి కొందామనుకున్నప్పుడు ఆమె కూడా బస్సెక్కింది. నువ్వెందుకని పోతయ్య అడిగితే, "బండి కింద పండుకొని చూసేటోళ్ళు మీల ఎవరున్నరు" అంది.

ఇప్పుడామె ఆ జాగా వెనక మూలకు నడిచింది. అక్కడ గోడ పక్కన ఆకుపచ్చ రంగు వెలిసిపోయిన పికప్ ఒకటి, చక్రాల చుట్టూ గడ్డి మొలిచి ఉంది. ఏదో సర్కారు ఆఫీసు వేలంలో వదిలించుకున్న బండి. తలుపుల అడుగు తుప్పు తినేసింది. ఎడమ పక్క దీపం లేదు. శ్యామల దాని కింద కూడా దూరింది. ఈసారి లేవడానికి చాలా సేపు పట్టింది. లేచి చేతికంటిన నల్లటి గ్రీజును మొగుడికి చూపించింది. "ఉన్నది. తిప్పితే తిరుగుతున్నది."

తర్వాత నడుము దగ్గర దోపుకున్న తాడు తీసింది. ఇంట్లో నులక మంచానికి ఎంత పొడుగు, ఎంత వెడల్పు ఉందో తాడు మీద రెండు ముళ్ళు వేసి తెచ్చుకుంది. బండి తొట్టిలో పరిచి చూస్తే మంచం పట్టి, కాళ్ళ దగ్గర ఇద్దరు కూర్చునే జాగా మిగిలింది.

"మంచానికి బండి కొంటున్నమా, మిర్చికి కొంటున్నమా?" అన్నాడు పోతయ్య.

"మిర్చి వాగు అవుతల ఆగినా మిర్చే. బావా, నీకు ఆ తెల్లది కావాలంటె నీ వాటా పెట్టి ఒక తలుపు కొనుక్కో."

అమ్మేవాడు నవ్వబోయి దగ్గుతో కప్పుకున్నాడు. ఇంటి దగ్గర అత్త నాగక్క బయల్దేరేటప్పుడే చెప్పి పంపింది, తన వాటా శ్యామల చూపించిన బండికేనని. మనవరాలిని మోసిన మంచానికి ముందు కోడు పట్టింది ఆమే. ఇక మిగిలింది గోపాలు. అందరి కళ్ళూ అతని మీద పడ్డాయి. అతను ఆటోల నుంచి చూపు మళ్ళించి, నేలకు చెప్పాడు.

"ఆకుపచ్చదే."

*

ఏన్కూరులో గౌస్‌కు రేకుల షెడ్డుంది, దాని వెనకే ఇల్లు. తాతల కాలంలో ఎడ్లబండి చక్రాలకు పట్టాలు వేసిన కుటుంబం, ఇప్పుడు ట్రాక్టర్లు, జీపులు. గౌస్ బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. రేకును వేలితో పొడిచాడు. వేలు లోపలికి పోయింది. కిందికి వంగి టార్చి వేసి చూశాడు.

"చర్మం పోయింది గని ఎముక మంచిగున్నది. ఎవరు ఏరిన్రు?"

"నేనే" అంది శ్యామల.

"మోసపోలె చెల్లె. చెప్పు, ఏం పని చెయ్యాలె ఇది?"

అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరూ ఆమెను అడగలేదు. శ్యామల చెప్పింది. "నా రొమ్ముల లోతు నీళ్ళు. కింద ఇసుక. అవుతల గట్టు నల్లరేగడి. లోపల మంచం మీద పిల్ల. అది దాటాలె."

గౌస్ ఒక పాత కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఆ నాలుగు మాటలే లెక్కగా పది రోజులు పని చేశాడు.

చక్రాల మీది కమాన్ కట్టలకు ఒక్కొక్క పట్టీ చేర్చి బండిని నాలుగు వేళ్ళు పైకి లేపాడు. టైర్లు నాలుగూ మార్చాడు, వేలు దూరేంత లోతు గాట్లున్నవి. ఇంజను గాలి పీల్చే గొట్టాన్ని పొడిగించి, అద్దం పక్క నుంచి పైకప్పు దాకా ఎక్కించి, చివరను చేతికర్రలా కిందికి వంచాడు. ముందొకటి, వెనకొకటి కొక్కేలు పెట్టి, గొలుసు కొనిపించాడు. ఇరుసుల మీద ఉండే చిన్న గాలి బొక్కలకు రబ్బరు గొట్టాలు తొడిగి పైకి కట్టేటప్పుడు శ్యామలను దగ్గరికి పిలిచి చూపించాడు.

"ఇది మస్తుమంది చెయ్యరు. బండి నడిచినంక ఇరుసు కాలుతుంటది. కాలే ఇరుసు చన్నీళ్ళల్ల పడితే గుటక ఏస్తది. ఈ బొక్కల నుంచి నీళ్ళు లోపలికి గుంజుకుంటది. ఇగ నూనె పోయి అంబలైతది."

"పిల్లల లెక్కనే" అంది శ్యామల.

"అవ్. కాలే ఒంటికి చన్నీళ్ళు ఒద్దంటరు గద, గట్లనే."

గౌస్ భార్య షాకేరా నీళ్ళ చెంబు తెచ్చి ఇచ్చి, తొట్టి మీద వంచిన ఇనుప కమ్మీలను చూసింది. టార్పాలిన్ కప్పడానికి మూడు కమ్మీలు, మంచం కోళ్ళు కదలకుండా నాలుగు కొక్కేలు, సెలైన్ సీసా తగిలించుకునేందుకు ఒకటి.

"అన్ని పెట్టినవ్. బండి ఎగిరితే కూసున్న ఆడమనిషి ఏం పట్టుకోవాలె? నీ తలకాయనా?" అంది మొగుడితో.

గౌస్ మారు మాట్లాడకుండా తొట్టి లోపల రెండు పక్కలా కూర్చున్న మనిషి చేతికి అందే ఎత్తులో గొట్టాలు అతికించాడు. శ్యామల కూర్చుని పట్టుకుని చూసి, ఒక చేత్తో పట్టుకుంటే రెండో చేత పిల్లను ఎట్లా పట్టుకోవచ్చో లెక్క చూసుకుంది.

చివరి రోజు గోపాలును వెంటబెట్టుకుని పోతయ్య వచ్చాడు. తునికాకు కోతలు మొదలయ్యాయి. కల్లం నుంచి ఆకు కట్టలు తోలే పని మాట్లాడుకొచ్చాడు. బండిని మెచ్చుకున్నాడు కూడా. మెచ్చుకుని గౌస్ భుజం మీద చెయ్యి వేశాడు.

"ముందు షాఫ్టు ఇప్పి పక్కన పెట్టు భాయ్. నలభై దినాలు ఆకు తోలాలె, వాన లేదు, వాగు లేదు. ఊకెనే డీజిల్ ఎందుకు? మొదటి చినుకు పడంగనే ఎక్కిద్దాం."

షెడ్డు బయట చెట్టు నీడన సమ్మిని ఆడిస్తున్న శ్యామల ఆ మాట విన్నది.  పిల్లను చంకనెత్తుకుని లోపలికి వచ్చింది.

"గౌస్ భాయ్. షాఫ్టు నట్లకు వెల్డింగ్ పెట్టు."

గౌస్ సుత్తి దించాడు. "ఏంది చెల్లె?"

"ఎనిమిది నట్లకు ఎనిమిది చుక్కలు. పానా పెడితే తిరగొద్దు."

"షాఫ్టు కొసకుండే క్రాస్ అరిగితే ఎట్ల మరి? కోసి తియ్యాలె."

"కొయ్యి. గప్పుడు నేనే తీస్కొస్త. ఎవని మంచం కిందికి మాత్రం పోవద్దు."

"నాకు బండి గురించి చెప్పనీకి వస్తున్నవా పిల్లా?" అన్నాడు పోతయ్య. "నేను పన్నెండేండ్లు స్టీరింగ్ పట్టిన."

"నువ్వు స్టీరింగ్ పట్టినవ్ బావా. నేను పిల్లను పట్టిన."

గౌస్ పోతయ్యను చూశాడు, గోపాలును చూశాడు. గోపాలు చెప్పుల వైపు చూస్తున్నాడు. షెడ్డు గుమ్మంలో నిలబడిన షాకేరా మొగుడు వెల్డింగ్‌కు పెట్టుకునే నల్ల అద్దం తీసి అతని చేతికిచ్చింది. కాసేపటికి బండి కింది నుంచి నీలపు వెలుగు ఎనిమిదిసార్లు వచ్చి ఆగింది.

*

తునికాకు కోతల్లో ఒక ఉదయం పోతయ్య ఎవరికీ చెప్పకుండా పానా పట్టుకుని బండి కింద దూరాడు. శ్యామల అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తూ చూస్తూనే ఉంది. పానా జారిన చప్పుడు, తిట్టు, మళ్ళీ పానా జారిన చప్పుడు. గంటకు అతను వేళ్ళ కణుపులు దోక్కుపోయి బయటికి వచ్చాడు.

"పసుపు పెట్టనా బావా?" అంది ఆమె, పిక్కల మీద నుంచి తల ఎత్తకుండా.

ఆ అడిగిన తీరుకే అతనికి మండిపోయింది. ఊళ్ళో ఆ మాట పాకింది కూడా. మరదలు తాళం వేసిన బండిని బావ తోలుతున్నాడని కల్లం దగ్గర కూలీలు నవ్వారు. ఆ వారం సంతలో పోతయ్యకు లచ్చిరాం కలిశాడు. జామాయిల్ కర్ర తోలే మనిషి. కొత్త టైర్లు, పైకెక్కిన గాలి గొట్టం చూసి బండిని వదలలేకపోయాడు. మంచి ధర చెప్పాడు. పోతయ్య సరేనన్నాడు.

ఇంటికి వచ్చి తల్లిని కూర్చోబెట్టి చెప్పాడు. వచ్చిన డబ్బుతో ఖమ్మంలో ఆ తెల్ల బండి వస్తుంది, మిగిలిన దాంతో ఇంటికి రేకులు కప్పించవచ్చు. రెండేళ్ళుగా కారే కప్పు కింద గిన్నెలు పెట్టుకుంటున్న నాగక్క, చాలా సేపు పైకి చూసి, "నీ ఇష్టం కొడుకా" అంది. కోడలి మొహం మాత్రం చూడలేకపోయింది.

"నువ్వేమంటవ్?" అని శ్యామల మొగుణ్ణి అడిగింది.

"అన్న మాటిచ్చిండు."

"నేను గూడ ఇచ్చిన. డాక్టరమ్మకు ఇచ్చిన. మళ్ళ గిట్ల ఆలస్యం కానియ్యనని."

గోపాలు కింది పెదవి కొరుక్కున్నాడు. మూడు వాటాల్లో రెండు అటు పోయాయి. భూమి పండగ మూడో రోజున బండి అప్పగిస్తానని పోతయ్య లచ్చిరాంకు కబురు పంపాడు.

*

భూమి పండగ వస్తే ఇప్పలగూడెం మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని అడవికి పోతారు. వేటన్నది పేరుకే, ఈ మధ్య దొరికితే ఒక కుందేలు, లేకపోతే వడదెబ్బ. ఆ మూడు రోజులూ ఊరి దారి ఆడవాళ్ళది. వాగుకు దిగే చోట దారికి అడ్డంగా తాడు పట్టుకుని నిలబడి పాటలు పాడతారు. సైకిలైనా లారీ అయినా ఆగాల్సిందే, వాళ్ళు అడిగింది ఇచ్చి పోవాల్సిందే. ఇంకొకటి కూడా ఆ ఊళ్ళో నడుస్తోంది. ఉత్తచేతులతో తిరిగొచ్చిన మగవాడికి పేడనీళ్ళు తప్పవు, ఆ పూట తాడు దగ్గర అతని మాట చెల్లదు.

ఆ ఏడు వాన తొందరపడింది. రెండో రోజు పగలంతా పైన గుట్టల మీద ఏకధాటిగా కురిసింది. మూడో రోజు పొద్దెక్కేసరికి వాగు ఎర్రగా, తొడల లోతు పారుతోంది. గాలి చల్లబడగానే సమ్మికి ముక్కు కారడం మొదలైంది. దవాఖానాలో నర్సమ్మ నేర్పినట్టు శ్యామల పిల్ల రొమ్ము మీద చెయ్యి వేసి ఊపిరులు లెక్కపెడుతోంది. ఇంకా భయం లేదు. కానీ ఆమె లెక్క ఆపలేదు.

అవతలి గట్టు మీద లచ్చిరాం మోటారు సైకిల్ ఆపుకుని నిలబడ్డాడు. చెయ్యి ఊపాడు. నీళ్ళను చూసి దిగలేదు.

మధ్యాహ్నానికి పోతయ్యతో సహా వేట వాళ్ళు వచ్చారు. అందరి చేతులూ ఖాళీ. ఊళ్ళో పెద్దదైన ముత్తక్క పేడనీళ్ళ కుండతో ఎదురెళ్ళింది.

"ఏం తెచ్చిన్రు నాయనా? పులినా?"

"దోమలు తెచ్చిన్రు. ఒంటి నిండ ఉన్నయ్" అంది చిన్నక్క, ముత్తక్క చెల్లెలు. ఆడవాళ్ళందరూ పగలబడి నవ్వారు.

పోతయ్య ఒంటి మీద పోసిన పేడనీళ్ళు కారుతుండగానే బండెక్కాడు. బండి తాడు దాకా వచ్చి ఆగింది. ఇటు ముత్తక్క, అటు చిన్నక్క, నడుమ పదిహేను మంది. శ్యామల పిల్లను నాగక్క చంకకు ఇచ్చి వచ్చి, తాడు పట్టుకున్నవాళ్ళలో నిలబడింది.

"తాడు దించుండ్రి. అడిగింది ఇస్త" అన్నాడు పోతయ్య.

"బండి ఇస్తవా? ఈ వానకాలం ఉండాలె ఊళ్ళె" అంది ముత్తక్క.

"అది మా ఇంటి సంగతి."

"మా పిల్లలు గూడ పక్కలెగరేస్తరు పోతయ్యా. మా కోడలికి శ్రావణంల నెలలు నిండుతయ్. ఇది ఒక్క ఇంటి సంగతి ఎట్లయితది? అయినా నువ్వు ఉత్తచేతుల మనిషివి. ఇయ్యాల నీ మాట ఇక్కడ నడవది."

పోతయ్య హారన్ కొట్టాడు. పాట ఇంకా గట్టిగా ఎత్తుకున్నారు. అప్పుడు శ్యామల తాడు కింద నుంచి వంగి బండి కిటికీ దగ్గరికి వచ్చింది.

"బావా, ఒక్క మాట. లచ్చిరాం అటే ఎందుకు నిలబడ్డడు?"

"నీళ్ళున్నయ్ గద."

"మరి నువ్వెట్ల పోతున్నవ్?"

పోతయ్య అవతలి గట్టు వైపు చూశాడు.  వెనక ఎవరో అర్థం చేసుకుని కిసుక్కుమన్నారు, ఆ నవ్వు తాడు వెంట ఇటు నుంచి అటు పాకింది.

"ఈ బండిని అమ్మనీకి పోవాలన్న గూడ ఈ బండే కావాలె" అంది శ్యామల. "ఆ తెల్లది కొన్నవనుకో, దాన్ని అమ్మనీకి గూడ వాన తగ్గేదాక కూసోవాలె. షాఫ్టు దండుగంటివి గద. మంచిది. చిన్న లివర్ ముట్టకుండ వాగు దాటు. దాటినవంటె అమ్ముకో, నేను నోరెత్త. ముత్తక్కా, తాడు దించు."

ముత్తక్క ఆమె మొహం చూసి, తాడు దించింది.

అందరి ముందూ అన్నాక పోతయ్య వెనక్కి తగ్గే మనిషి కాదు. బండి గట్టు దిగింది. మొదటి పది గజాలు దర్జాగా పోయింది. పాట ఆగిపోయింది. వాగు నడుమ వెనక చక్రాలు ఒక్కసారి ఊగి, ఇసుకను చిమ్ముతూ దిగబడ్డాయి. పోతయ్య రేజ్ చేశాడు. ఇంకా దిగింది. నీళ్ళు తలుపు సగానికి వచ్చాయి. ఇంజను మాత్రం ఆగలేదు, పైకప్పు మీది గొట్టంలోంచి బుసబుస గాలి పీలుస్తూనే ఉంది.

అతను లివరు ముట్టలేదు.

గట్టు మీద నవ్వులు సన్నగిల్లి, తర్వాత పూర్తిగా ఆగిపోయాయి. పైన గుట్టల వైపు మబ్బు ఇంకా నల్లగానే ఉంది. కొట్టుకొచ్చిన కొమ్మ ఒకటి బండికి తగిలి, తిరిగి, పోయింది. తన పంతం బండిని ముంచుతుందని శ్యామలకు అప్పుడు తెలిసింది. బండి పోతే అమ్మడానికీ ఉండదు, పిల్లను ఎక్కించడానికీ ఉండదు. ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుని నీళ్ళలోకి దిగింది. వెనక నుంచి గోపాలు పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఆమె ఆగలేదు. పోయిన ఏడు ఇవే నీళ్ళు. కాళ్ళ కింద అదే ఇసుక జారుతోంది.

బండిని పట్టుకుని ఫుట్‌బోర్డు మీదికి ఎక్కింది. కిటికీలో పోతయ్య మొహం పేడనీళ్ళతో, చెమటతో గుర్తుపట్టలేకుండా ఉంది.

"రేజ్ చెయ్యకు బావా, బొంద తవ్వుతున్నవ్."

"నువ్వే అన్నవ్ గద ముట్టొద్దని."

"అన్న. ఇప్పుడు గుంజమంటున్న. నన్ను తర్వాత తిట్టు. ముందు గుంజు."

పోతయ్య రెండు క్షణాలు స్టీరింగ్ వైపే చూశాడు. తర్వాత క్లచ్ తొక్కి చిన్న లివరు లాగాడు. కింద ఎక్కడో ఇనుము ఇనుమును పట్టుకున్న చప్పుడు. ముందు చక్రాలు కదిలాయి. బండి ముక్కు మెల్లగా లేచింది, పక్కకు ఒరిగింది, మళ్ళీ నిలబడింది. ఎద్దు బురదలోంచి ముందుకాళ్ళు మోపి లేచినట్టు, అడుగు తర్వాత అడుగు వేసి, నల్లరేగడి గట్టును గోళ్ళతో పట్టి ఎక్కింది. ఇవతలి ఒడ్డున ఆడవాళ్ళు ఏదో అరుస్తున్నారు, నీళ్ళ హోరులో వినపడలేదు.

లచ్చిరాం ఎదురొచ్చాడు. అతని కళ్ళు వెలిగిపోతున్నాయి. నీళ్ళు కారుతున్న బండి చుట్టూ తిరిగి, టైర్ల మీద చెయ్యేసి నిమిరాడు.

"ఏం బండి పోతయ్యా ఇది. చెప్పిన దానికి ఇంకింత కలిపిస్త. ఇప్పుడే ఇస్త."

 దాటాడు. లివరు లాగే దాటాడు, కానీ దాటాడు. ఇప్పుడు ఇక్కడ తాడు లేదు, ముత్తక్క లేదు. ఫుట్‌బోర్డు మీద నుంచి దిగాలని కూడా ఆమెకు తోచలేదు. దిగితే బండి వెళ్ళిపోతుందేమో అన్నట్టు అద్దం కమ్మీని రెండు చేతులా పట్టుకుని ఉంది.

పోతయ్య లచ్చిరాం చేతిలోని డబ్బు మూట చూశాడు. దాటొచ్చిన వాగు చూశాడు. నీళ్ళ రంగు ఇందాకటి కంటే ఎర్రగా మారుతోంది. అతని చెయ్యి ఇంకా చిన్న లివరు మీదే ఉంది, దోక్కుపోయిన వేళ్ళకు ఎండిన పొక్కులు.

"నన్నడగకు" అన్నాడు చివరికి. "ఆమెనడుగు."

లచ్చిరాం ఆశ్చర్యంగా శ్యామల వైపు తిరిగాడు. "ఏమమ్మా?"

"అమ్మం."

"ఎందుకమ్మరు? గింత ధర ఎవరిస్తరు మీకు?"

"ఆ వాగును గూడ కలిపి కొంటవా అన్నా? కొని మీ ఊరికి తీస్కపో. ఆనాడే బండిస్త."

పోతయ్య గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. దగ్గనుకుంది మొదట. కాదు, నవ్వాపుకుంటున్నాడు. ఇంజను ఆపకుండానే బండిని వెనక్కి తిప్పాడు. గట్టు అంచున ఆపి, ఆమె వైపు చూడకుండా, ఎడమ పక్క తలుపు తెరిచాడు.

"లోపల కూసో. పడ్డవంటె మా అవ్వ నన్ను చంపుతది. ఇంటి కప్పు సంగతి గూడ నువ్వే చెప్పుకో ఆమెకు."

"చెప్త" అంది శ్యామల, తడిచీర పిండుకుని ఎర్ర మట్టి కాళ్ళతోనే సీటెక్కుతూ. "గిన్నెలు నేను పెడత. పిల్ల పడుకున్న జాగల ఒక్క చుక్క పడనియ్య."

అవతల నాగక్క పిల్లను భుజం మీదికి ఎత్తుకుని ఒడ్డు దాకా వచ్చేసింది. సమ్మి నోట్లో వేలు పెట్టుకుని బండి వైపే చూస్తోంది. ఇక్కడి నుంచి ఊపిరి లెక్క తెలియదు. శ్యామల ముందుకు వంగింది.

"జల్దీ పోనీ బావా."

"వాగుల జల్దీ ఏంది? మెల్లగనే" అన్నాడు పోతయ్య, నీళ్ళలోకి దించుతూ.